ఒకే పొద మీద రెండు బుడిపెలు: ఒక గాల్ మిడ్జ్ జాతిని తేల్చిన కేసు

మొక్కల మీద బుడిపెలు కట్టించే సన్నని ఈగలు గాల్ మిడ్జ్‌లు. వీటి కుటుంబం సెసిడోమియిడే. వరిలో ఉల్లికోడు తెచ్చే ఈగ, నువ్వుల మొగ్గలను పాడుచేసే కోడు ఈగ ఈ కుటుంబానివే. ఇప్పటిదాకా పేరు పెట్టినవి 6,600 పైచిలుకు జాతులు. కెనడా కీటకాల డీఎన్ఏ బార్‌కోడ్‌ల (జాతిని గుర్తుపట్టడానికి చదివే చిన్న డీఎన్ఏ ముక్కల) ఆధారంగా 2016లో వచ్చిన ఒక అధ్యయనం ఒక్క ఆ దేశంలోనే ఇవి 16,000 జాతుల దాకా ఉండొచ్చనీ, ప్రపంచం మొత్తం మీద 18 లక్షలు కావొచ్చనీ అంచనా వేసింది. అందులో పదో వంతే నిజమని తేలినా మన ముందు ఉన్న పని చాలా పెద్దది.

కాబట్టి ఈ కుటుంబంలో కొత్త జాతి దొరకడం అరుదేమీ కాదు. దొరికినదాన్ని మరో దేశంలో, మరో కాలంలో ఇంకొకరు తడబడకుండా గుర్తుపట్టేలా వర్ణించడమే కష్టం. ఈ కేసులో ఆ కష్టం ఎక్కడెక్కడ ఎదురవుతుందో స్పష్టంగా కనిపించింది కాబట్టి రాస్తున్నాను. మొక్క పేరు, ప్రాంతం, పంపినవారి వివరాలు ఇవ్వడం లేదు. మేం ఒక్కో నిర్ణయం ఎందుకు తీసుకున్నామో అర్థం కావడానికి అవి అక్కర్లేదు.

నా దగ్గరకు వచ్చినది

ఒక యువ పరిశోధకురాలు ఒక పొద మొక్క మీద రెండు రకాల బుడిపెలు చూశారు. ఒకటి పూమొగ్గలో: మొగ్గ విచ్చుకోకుండా ఉబ్బి గట్టిపడుతుంది. రెండోది ఆకుమొగ్గలో: కొమ్మ చివర చిన్న ఉండలా తయారవుతుంది. రెండింటినీ ఒకే పెద్ద సీసాలో పెట్టి, బయటికొచ్చిన ఈగలన్నిటినీ ఆల్కహాల్‌లో వేశారు. కొన్ని బుడిపెలను కోసి లార్వాల (లోపల పెరిగే పురుగుల) బొమ్మలు గీశారు. ఎండిన కొమ్మలు, ఆల్కహాల్ సీసా, ఫొటోలు, దాదాపు పూర్తయిన రాతప్రతి నాకు పంపి, ప్రచురణకు ముందు చూసిపెట్టమని అడిగారు.

రాతప్రతిలో మూడు వాదనలు ఉన్నాయి. ఈగలు ఆస్ఫోండైలియా ప్రజాతివి. అన్నీ ఒకేలా ఉన్నాయి కాబట్టి ఒకే కొత్త జాతి రెండు చోట్లా బుడిపెలు చేస్తోంది. ఇదే మొక్క పూమొగ్గల బుడిపెకు 20వ శతాబ్దం మొదట్లో ఎవరో పేరు పెట్టారు గానీ, ఆయన బుడిపెనూ లార్వా రంగునూ మాత్రమే వర్ణించారు, ఈగను చూడనే లేదు, కాబట్టి ఆ పేరు చెల్లదు.

ప్రజాతి విషయంలో పేచీ లేదు. ఆడఈగలో సూదిలాంటి గట్టి గుడ్లు పెట్టే గొట్టం, మగఈగ యాంటెన్నాల మీద మెలికలు తిరిగిన సర్కమ్‌ఫైలా తీగలు, బుడిపె లోపలి గోడకు తెల్లటి బూజు పొర, ఒక్కో గదిలో ఒక్కో లార్వా ఉన్నాయి. ఇవన్నీ ఆస్ఫోండైలియానే చూపిస్తున్నాయి. మిగతా రెండు వాదనలే నాకు ఆధారం చాలనివిగా అనిపించాయి.

ముందు పాత పేరు

రాతప్రతిలో అది ఒక చిన్న పేరా మాత్రమే. అయినా నేను అక్కడి నుంచే మొదలుపెట్టాను. పాత పేరు చెల్లుబాటు అయ్యేదైతే, మనం కొత్త జాతి అంటున్నది అసలు కొత్తదే కాకపోవచ్చు. ఆ సంగతి తేలకుండా మిగతా పని ఎంత చేసినా చివర్లో కూలిపోయే అవకాశం ఉంది.

అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 1930 తర్వాత, జీవి చేసిన పని ఆధారంగా మాత్రమే పెట్టిన పేరు, అంటే ఈగను వర్ణించకుండా బుడిపెకు మాత్రమే పెట్టిన పేరు, చెల్లదు. అంతకు ముందు పెట్టినదైతే చెల్లుతుంది. గాల్ మిడ్జ్‌ల మీద పనిచేసేవాళ్ళు ఈ తేదీని మర్చిపోకూడదు. పాత కాలంలో ఇలా బుడిపె చూసి పెట్టిన పేర్లు ఈ కుటుంబంలో చాలా ఉన్నాయి. రెండు మూడు వాక్యాల వర్ణన ఉన్నా సరే, వాటిని పక్కన పెట్టడానికి వీల్లేదు.

కాబట్టి పూమొగ్గ ఈగకు ఇప్పటికే పేరుంది. టైప్ నమూనా (ఒక పేరుకు ప్రమాణంగా దాచే నమూనా) కోసం అది ఉండే అవకాశమున్న మ్యూజియంలకు రాశాం. ఎక్కడా లేదు. అదే మొక్క, అదే భాగం, అదే ఆకారం, అదే లార్వా రంగు కాబట్టి పూమొగ్గ ఈగకు పాత పేరు వాడటమే న్యాయమని నిర్ణయించాం. దాంతో ప్రశ్న మారింది. ఆకుమొగ్గ ఈగ కూడా ఆ పాత జాతేనా, లేక వేరేదా? వేరేదైతేనే ఇందులో కొత్త జాతి ఉన్నట్టు.

సీసా చెప్పలేనిది

ఒక్క సీసాలోంచి వచ్చిన ఈగల్లో ఏది ఏ బుడిపెలోంచి వచ్చిందో చెప్పడానికి ఆధారం లేదు. సైజును బట్టి విడదీయవచ్చేమో చూశాం. కుదరలేదు. లార్వాకు తిండి ఎంత దొరికిందన్నదాన్ని బట్టి ఒకే జాతిలో ఈగల సైజు బాగా మారుతుంది. పైగా ఆస్ఫోండైలియా జాతుల్లో పెద్ద ఈగలు, అంటే పూర్తిగా ఎదిగి రెక్కలొచ్చినవి, ఒకదానికొకటి విపరీతంగా పోలి ఉంటాయి. జాతుల మధ్య పనికొచ్చే తేడాలు ఎక్కువగా లార్వాలోనూ, లార్వాకూ ఈగకూ మధ్య దశ అయిన ప్యూపాలోనూ కనిపిస్తాయి. మూడో దశ లార్వా ఛాతీ కింద గట్టి పలకలాంటి స్పాట్యులా ఉంటుంది, దాని పళ్ళ ఆకారం చూడాలి. ప్యూపా తల మీద బుడిపె గోడను తొలిచే కొమ్ములు, ముఖం మీద ముళ్ళు ఉంటాయి, వాటిని చూడాలి. పెద్ద ఈగలు ఒకేలా ఉన్నాయి కాబట్టి జాతి ఒకటే అన్న వాదన ఈ ప్రజాతిలో నిలబడదు.

లార్వా బొమ్మలోనూ ఒక చిక్కు ఉంది. స్పాట్యులాకు ఆస్ఫోండైలియాలో మామూలుగా కనిపించే నాలుగు పళ్ళు లేవు. సీసాలోని ఈగలను మళ్ళీ ఒక్కొక్కటిగా మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే కొన్ని చిన్నవి వేరే ప్రజాతివని తేలింది. వాటి యాంటెన్నా గింజలు పొట్టిగా, మెడ లేకుండా ఉన్నాయి. రెక్క నరం ముందంచుకు దాదాపు ఆనుకుని పోతోంది. ఒంటి నిండా పొలుసులు. ఇవి ట్రొట్టేరియా. సొంతంగా బుడిపె చేయకుండా, ఆస్ఫోండైలియా చేసిన బుడిపెల్లో చేరి బతికే ఈగలు ఇవి. వీటిని ఇన్‌క్విలైన్లు అంటారు. రాతప్రతిలో కొత్త జాతి లార్వాగా గీసిన బొమ్మ ఈ ఇన్‌క్విలైన్ లార్వాదేనని అనుమానం వచ్చింది. తర్వాత డీఎన్ఏ దాన్ని ఖాయం చేసింది. ఆ బొమ్మ అలాగే అచ్చయి ఉంటే, ఒక ప్రజాతి ఈగకు ఇంకో ప్రజాతి లార్వా శాశ్వతంగా అతుక్కుపోయేది. తర్వాత వచ్చేవాళ్ళు ఎంత జాగ్రత్తగా పోల్చినా ఫలితం కుదిరేది కాదు.

ఆల్కహాల్‌లోని లార్వాలకు డీఎన్ఏ పరీక్ష కూడా చేయించాం. సగంలో ఏమీ రాలేదు. నమూనాలను 70 శాతం ఇథనాల్‌లో ఎక్కువ కాలం వెచ్చని చోట ఉంచడం వల్ల డీఎన్ఏ ముక్కలైపోయి ఉండాలి. వచ్చినవాటిలో కొన్ని ఈగవి కానే కావు, కందిరీగవి. గాల్ మిడ్జ్ లార్వాల లోపల పెరిగే పరాన్న కందిరీగలు చాలా ఉంటాయి. బయటికి ఆరోగ్యంగా కనిపించే లార్వా లోపల కందిరీగ పిల్లే ఎక్కువ భాగం ఆక్రమించి ఉండొచ్చు. బార్‌కోడ్ ఫలితం చేతికి రాగానే అది ఈగదేనా అని మొదట చూసుకోవాలి. ఇది చాలామంది వదిలేసే మెట్టు.

పాత సరుకుతో ముందుకు పోలేమని అప్పుడు ఒప్పుకున్నాం. మళ్ళీ సేకరించాల్సిందే.

ఒక బుడిపె, ఒక గొట్టం, ఒక నంబర్

ఈసారి పద్ధతి మార్చాం. ఒక్కో బుడిపెను విడిగా ఒక చిన్న గాజు గొట్టంలో పెట్టి, దానికి ఒక నంబర్ ఇచ్చాం. ఆ నంబర్ మొక్కకూ, కొమ్మకూ, మొక్కలోని భాగానికీ, సేకరించిన తేదీకీ ముడిపడి ఉంటుంది. ఈగ బయటికొస్తే అదే నంబర్. ప్యూపా వదిలిన కుబుసానికి అదే నంబర్. ఖాళీ బుడిపెను కూడా పారేయకుండా అదే నంబర్‌తో దాచాం.

ఆస్ఫోండైలియాలో ఇందుకు ఒక సౌకర్యం ఉంది. ప్యూపా బుడిపె లోపలే ఏర్పడుతుంది. ఈగ బయటికి వచ్చే వేళకు ప్యూపా తల కొమ్ములతో గోడను తొలిచి సగం బయటికి వస్తుంది. ఈగ ఎగిరిపోయాక కుబుసం ఆ రంధ్రంలోనే ఇరుక్కుని ఉండిపోతుంది. అంటే ఈగ, దాని కుబుసం, దాని బుడిపె మూడూ ఒకే ప్రాణివని చెప్పే సాక్ష్యం మన చేతిలో ఉంటుంది. ప్యూపా దశకు నేలలోకి రాలిపోయే జాతులతో పనిచేసేవాళ్ళకు ఈ అదృష్టం లేదు. వాళ్ళు గొట్టంలో తడి మట్టో ఇసుకో వేసి, ఒక్కోసారి నెలల తరబడి ఎదురుచూడాలి.

గొట్టాల్లో తడి సరిచూడటమే అసలు శ్రమ. తడి ఎక్కువైతే బయటి బూజు పట్టి లార్వా చస్తుంది. తక్కువైతే బుడిపె ఎండి, గోడ గట్టిపడి, ప్యూపా తొలవలేక లోపలే ఉండిపోతుంది. దాదాపు పక్వానికి వచ్చిన బుడిపెలనే కోయడం, కొమ్మ ముక్కతో సహా ఉంచడం, దూది తడిని రోజూ చూడటం వల్ల ఫలితం బాగుపడింది. పెద్ద ఈగ ఒకటి రెండు రోజులకు మించి బతకదు కాబట్టి ఉదయం, సాయంత్రం రెండు పూటలా గొట్టాలు చూడాలి. బయటికొచ్చిన వెంటనే ఆల్కహాల్‌లో వేస్తే ఒళ్ళు మెత్తగా ఉండి స్లయిడ్ మీద ముడుచుకుపోతుంది. రెక్కలు గట్టిపడేదాకా కొన్ని గంటలు ఆగడం మంచిది.

సేకరణను ఎన్నో మొక్కలకు విస్తరించమని కూడా అడిగాను. హెస్సియన్ ఈగ లాంటి కొన్ని గాల్ మిడ్జ్‌లలో ఒక తల్లి పిల్లలన్నీ మగవో, లేదా అన్నీ ఆడవో అవుతాయి. ఈ జాతిలో అలా ఉందో లేదో ముందుగా చెప్పలేం. ఒకే కొమ్మ మీద ఆధారపడితే మగఈగ దొరకకుండానే సీజన్ అయిపోయే ప్రమాదం ఉంది.

డీఎన్ఏ కోసం ఈగను నూరేయలేదు. ద్రావణంలో నానబెట్టి డీఎన్ఏ తీసుకుని, మిగిలిన ఒంటి పెంకును లవంగనూనె మీదుగా కెనడా బాల్సమ్‌లో స్లయిడ్ చేశాం. ఒకే ఈగకు జన్యు సమాచారమూ ఉంది, శరీర నిర్మాణమూ ఉంది. రెండింటిలో ఏదైనా అనుమానం వస్తే రెండోదానితో సరిచూసుకోవచ్చు.

రెండు తరాలా, రెండు జాతులా?

కొత్త నమూనాలు వచ్చాక స్పాట్యులాలో తేడా కనిపించింది. ఆకుమొగ్గ లార్వాలో లోపలి రెండు పళ్ళు బాగా పొట్టివి. పూమొగ్గ లార్వాలో నాలుగూ దాదాపు సమానం. ప్యూపా కొమ్ముల అంచుల్లోనూ తేడా ఉంది. పరిశోధకురాలు ఇది చాలు కదా అన్నారు. నాకు చాలలేదు.

కారణం ఆస్ఫోండైలియా చరిత్రలోనే ఉంది. సోయా కాయల్లో బుడిపెలు చేసే ఆస్ఫోండైలియా యుషిమాయ్ చలికాలాన్ని పూర్తిగా వేరే మొక్కల మీద గడుపుతుంది. ఆస్ఫోండైలియా గెన్నడీ కరోబ్ చెట్టు కాయల్లోనూ మిరపలోనూ కేపర్ పొద మొగ్గల్లోనూ పెరుగుతుంది. ఒకే జాతి ఒక రుతువులో ఒక భాగాన్ని, ఇంకో రుతువులో ఇంకో భాగాన్ని వాడటం గాల్ మిడ్జ్‌లలో కొత్త కాదు. మన కేసులోనూ ఆకుమొగ్గ బుడిపెల్లోంచి ఈగలు వచ్చే సమయానికే పూమొగ్గలు మొదలవుతున్నాయి. ఒకే జాతి రెండు తరాలు అనడానికి ఇంతకంటే చక్కటి క్రమం ఉండదు. శరీరంలోని చిన్న తేడాలు తరాల మధ్య తేడాలు కూడా కావచ్చు. ఈ ప్రత్యామ్నాయాన్ని కొట్టేయకుండా కొత్త జాతి అనడం తొందరపాటు అవుతుంది.

ముందు ప్రయోగం చేశాం. ఆకుమొగ్గ ఈగలను, లేత పూమొగ్గలూ ఆకుమొగ్గలూ రెండూ ఉన్న కొమ్మలకు వల సంచులు కట్టి అందులో వదిలాం. ఎక్కడా బుడిపె రాలేదు, ఆకుమొగ్గల్లో కూడా. ఆ ఆకుమొగ్గల్లోనైనా బుడిపెలు వచ్చి ఉంటే ప్రయోగం ఏదో చెప్పినట్టు. అక్కడా రాలేదంటే సంచిలో ఈగలు జతకట్టలేదో, గుడ్లు పెట్టలేదో, బూజు బీజాలు అందలేదో. ఆస్ఫోండైలియా ఆడఈగ గుడ్డుతో పాటు బూజు బీజాలను కూడా మొక్కలోకి చేరుస్తుంది, ఆ రెండూ కుదరాలి. కాబట్టి ఈ ప్రయోగం నుంచి ఏ వైపూ నిర్ధారణ తీసుకోలేదు. రాతప్రతిలో కూడా అలాగే రాయించాను.

బూజును వేరుచేసి చూడొచ్చా అన్న ఆలోచన వచ్చింది. అది తేల్చదని వదిలేశాం. బొట్రియోస్ఫేరియా డోతిడియా అనే ఒకే బూజు ఎన్నో ఆస్ఫోండైలియా జాతుల బుడిపెల్లో దొరుకుతుంది. రెండు బుడిపెల్లో బూజు ఒకటే అయినా ఈగలు ఒకటేనని అర్థం కాదు.

చివరికి దారి చూపింది సీజన్ చివర్లో దొరికిన కొన్ని పొదలు. వాటి మీద ఆలస్యంగా వచ్చిన ఆకుమొగ్గ బుడిపెలూ, పూమొగ్గ బుడిపెలూ ఒకే కొమ్మ మీద ఒకే సమయంలో ఉన్నాయి. నేను వీటినే ప్రత్యేకంగా వెతకమన్నాను. ఎందుకంటే ఒకే మొక్క, ఒకే వారం అయితే ప్రాంతం తేడా, రుతువు తేడా అనే వివరణలు రెండూ పోతాయి. తరాల తేడా అనేదే నిజమైతే, ఒకేసారి పెరిగిన లార్వాలు ఒకే గుంపుగా కనబడాలి, లేదా కలగలిసి ఉండాలి.

అలా జరగలేదు. మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువు 658 అక్షరాల బార్‌కోడ్ ముక్కలో పూమొగ్గ ఈగలన్నీ ఒకవైపు, ఆకుమొగ్గ ఈగలన్నీ మరోవైపు పడ్డాయి. గుంపు లోపల తేడా దాదాపు లేదు, గుంపుల మధ్య తేడా దానికి ఎన్నో రెట్లు. స్పాట్యులా తేడా కూడా అదే గీత వెంట, ఒక్క మినహాయింపు లేకుండా పడింది. సీఓఐ తల్లి వైపు నుంచే వస్తుంది. కీటకాల ఒంట్లో ఉండి తల్లి ద్వారానే పిల్లలకు చేరే ఓల్బాకియా లాంటి బాక్టీరియా వల్ల అది దారి తప్పించవచ్చు. అందుకే తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే ఒక న్యూక్లియర్ (కణకేంద్రకంలోని) జన్యువునూ చూశాం. అందులో తేడా చిన్నదే, కానీ విభజన అదే. పక్కపక్కన ఉన్న మొగ్గల్లో పెరుగుతూ కూడా ఈ రెండు గుంపులు కలవడం లేదు. ఇక్కడ నాకు సందేహం తీరింది. ఆకుమొగ్గ ఈగ కొత్త జాతి.

ఇలాంటి విభజన ఆచరణలో ఎంత ముఖ్యమో చెప్పే ఉదాహరణలు ఉన్నాయి. ఆఫ్రికాలోని వరి గాల్ మిడ్జ్‌ను చాలాకాలం ఆసియా జాతి ఒర్సియోలియా ఒరైజే అనే అనుకున్నారు. 1982లో హారిస్, గాన్యే దాన్ని ఒర్సియోలియా ఒరైజివోరాగా వేరుచేశారు. కెనడాలో కనోలా (ఆవాల లాంటి నూనె పంట) పూలను పాడుచేస్తున్న ఈగను స్వీడ్ మిడ్జ్ అనే మరో గాల్ మిడ్జ్ అనుకున్నారు. అది వేరే జాతని తేలి 2019లో కాంటరీనియా బ్రాసికోలా అనే పేరు వచ్చింది. జాతి వేరైతే జీవిత చక్రం, శత్రు కీటకాలు, తట్టుకునే రకాలు అన్నీ మళ్ళీ మొదటి నుంచి చూడాల్సి వస్తుంది.

రాయడంలో తీసుకున్న నిర్ణయాలు

హోలోటైప్‌గా, అంటే కొత్త పేరుకు ప్రమాణంగా నిలిచే ఒక్క నమూనాగా, అందమైన స్లయిడ్‌ను ఎంచుకోలేదు. తన కుబుసం, తన బుడిపె, తన బార్‌కోడ్ మూడూ ఉన్న మగఈగను ఎంచుకున్నాం. దాని రెక్క ఒకటి కాస్త చిరిగింది. అయినా దాని గుర్తింపును ఎవరూ ప్రశ్నించలేరు. లార్వా సహజంగానే వేరే ప్రాణి అవుతుంది కాబట్టి, అదే కొమ్మ మీది పక్క బుడిపెలోది తీసుకుని, బార్‌కోడ్‌తో జతపరిచి పారాటైప్‌ల (హోలోటైప్‌తో పాటు వర్ణనలో చేర్చే మిగతా నమూనాల) వివరాల్లో చేర్చాం. 1999 తర్వాత పేరు చెల్లాలంటే టైప్‌ను స్పష్టంగా నిర్దేశించాలి. అది ఉండే సంస్థ పేరూ రాయాలి. మేం పారాటైప్‌లను రెండు సంస్థలకు పంచాం. ఒక చోట ప్రమాదం జరిగినా రెండో చోట ఉంటాయి. ప్రచురణ ఎలక్ట్రానిక్ రూపంలో మాత్రమే కాబట్టి జంతువుల పేర్ల అధికారిక రిజిస్టర్ అయిన జూబ్యాంక్‌లో నమోదు తప్పనిసరి. మొక్క కొమ్మను కూడా పూలతో సహా హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కలను దాచే చోట) పెట్టించాం. ఆశ్రయ మొక్క పేరు తప్పయితే వర్ణన మొత్తం పనికిరాకుండా పోతుంది.

పాత జాతికి నియోటైప్ (పోయిన టైప్ స్థానంలో కొత్తగా నిర్దేశించే నమూనా) పెట్టాలా అని చాలాసేపు చర్చించాం. టైప్ పోయింది కదా అని మామూలుగా నియోటైప్ పెట్టడాన్ని నియమావళి ఒప్పుకోదు. నిజమైన గందరగోళం ఉండాలి. ఒకే మొక్క మీద రెండు దగ్గరి జాతులు ఉన్నాయని ఇప్పుడు తేలింది కాబట్టి ఆ అవసరం ఇక్కడ ఉంది. మొదటి వర్ణన వచ్చిన చోటికి వీలైనంత దగ్గర్లో పూమొగ్గల నుంచి పెంచిన ఈగను నియోటైప్ చేసి, పాత జాతిని లార్వా, ప్యూపాలతో సహా తిరిగి వర్ణించాం. కొత్త జాతి వర్ణన కంటే ఈ పునర్వర్ణనే ఎక్కువ కాలం ఉపయోగపడుతుందని నా నమ్మకం.

ట్రొట్టేరియాకు పేరు పెట్టలేదు. కొన్ని ఆడఈగలు, కొన్ని లార్వాలే ఉన్నాయి, మగఈగ లేదు. బార్‌కోడ్‌లు, ఫొటోలు, గొట్టం నంబర్లు ఇచ్చి, ప్రజాతి వరకే గుర్తించి వదిలేశాం. పేరు పెట్టేయమని ఒత్తిడి ఉంటుంది, ముఖ్యంగా కొత్తవాళ్ళ మీద. అరకొర నమూనాతో పెట్టిన పేరు తర్వాతి వాళ్ళకు పాత పేరుగా మారి, మేం పడిన ఇబ్బందే వాళ్ళూ పడేలా చేస్తుంది.

ఇప్పుడు ఎవరైనా గాల్ మిడ్జ్ గురించి అడిగితే ఈగ ఫొటో కంటే ముందు వాళ్ళ గొట్టాల నంబర్ల పుస్తకం చూపించమంటున్నాను. అందులో ఏ ఈగ ఏ బుడిపెలోంచి వచ్చిందో ఉంటే, మిగతా లోపాలను తర్వాత సరిచేసుకోవచ్చు. ఈ కేసులో తేలనిది ఒకటి మిగిలింది: పూలు లేని నెలల్లో పూమొగ్గ ఈగ ఎక్కడ ఉంటుంది? యుషిమాయ్ లాగా వేరే మొక్క మీదికి వెళ్తుండొచ్చు. ఆ పొదల చుట్టూ ఉన్న ఇతర మొక్కల మొగ్గలనూ కాయలనూ పరిశోధకురాలు ఇప్పుడు అదే పద్ధతిలో, ఒక్కో బుడిపెను ఒక్కో గొట్టంలో పెట్టి చూస్తున్నారు. ఈ అవకాశాన్ని వర్ణనలోనే రాసిపెట్టాం, ఎవరికైనా అలాంటి ఈగ వేరే మొక్క మీద దొరికితే కొత్త పేరు పెట్టే ముందు మా బార్‌కోడ్‌లతో పోల్చి చూడటానికి.